కొలువు పాఠంలో చెప్పని సగం

ఉద్యోగం చేసేవాడికి మన సాహిత్యం ఏమి చెప్పిందని అడిగితే, తెలుగు చదివిన వారెవరైనా ముందుగా విరాటపర్వం ప్రథమాశ్వాసాన్నే చూపిస్తారు. పన్నెండేళ్ల అరణ్యవాసం ముగిసింది. అజ్ఞాతవాసానికి విరటుని కొలువు నిశ్చయమయింది. నిన్నటిదాకా ఇతరులచేత కొలిపించుకున్నవారు రేపటినుంచి ఒకరిని కొలవాలి. కొలవటం ఎట్లాగో వారికి తెలియదు. అందుచేత పురోహితుడైన ధౌమ్యుడు పూనుకుని, రాజు ఎదుట ఎట్లా నిలవాలో, ఎట్లా మాట్లాడాలో, దేని జోలికి పోరాదో వరుసగా చెప్పాడు. తిక్కన ఆ ఘట్టాన్ని చిన్న చిన్న పద్యాలలో, ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు తెలుగు చేశాడు. ఏడు శతాబ్దాలు గడిచినా ఆ పద్యాల పదును తగ్గలేదు. డిగ్రీ విద్యార్థులకు పాఠ్యభాగంగా కూడా వచ్చాయి.

ఈ పాఠం నేను కొన్నేళ్లుగా చెబుతున్నాను. పదానికి అర్థం, పద్యానికి తాత్పర్యం, చివర ‘ఇది నేటి ఉద్యోగులకు కూడా అనుసరణీయం’ అనే ఒక వాక్యం. ఆ చివరి వాక్యం నాకు ఎవరో నేర్పినది. నేనూ నమ్మే చెప్పాను.

ఒక సంవత్సరం మా చివరి తరగతి విద్యార్థులకు ఉద్యోగాలను గూర్చి సలహాలు చెప్పటానికి పట్నం నుంచి ఒక శిక్షకుణ్ణి పిలిపించారు. ఆయన రెండు గంటలు ధారాళంగా మాట్లాడారు. ఇంటర్వ్యూలో చిరునవ్వు చెదరకూడదన్నారు. మొదటిరోజే జీతం సంగతి ఎత్తకూడదన్నారు. పై అధికారి పొరపాటు చేస్తే నలుగురిలో అనకూడదన్నారు. వేళ దాటినా పని ఉంటే ఇల్లు జ్ఞాపకం రాకూడదన్నారు. ‘కాదు’ అనే మాటను నిఘంటువులోంచి కొట్టివెయ్యమన్నారు. వెనుక వరుసలో కూర్చుని వింటున్న నాకు ధౌమ్యుడే ప్యాంటు తొడుక్కుని వచ్చాడా అనిపించింది.

మరునాడు తరగతిలో ఆ మాటే చెప్పి నవ్వించబోయాను. కాని ఒక అమ్మాయి నవ్వలేదు. లేచి నిలబడి, “సార్, కొలిచేవాడు ఏం చెయ్యాలో ఇన్ని పద్యాల్లో చెప్పారు గదా. కొలిపించుకునేవాడు ఏం చెయ్యాలో ఏ పాఠంలో ఉంది?” అని అడిగింది.

“రేపు చెబుతానమ్మా” అన్నాను. అప్పటికి నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబును వెతకటం కోసం వ్రాస్తున్నది.

ముందు ధౌమ్యుని మాటలనే సరిగా చదువుదాం. రాజు దయతో ఇస్తే తప్ప మంచి ఆసనమూ మంచి వాహనమూ ఎక్కరాదు. రాజు ఇంటికంటె అందమైన ఇల్లు కట్టుకోరాదు. వేషంలోనూ మాటలోనూ ఆయనను పోలరాదు. ఆవులింత గాని, తుమ్ము గాని, నవ్వు గాని ఎదుటివారికి తెలియనీయరాదు. రాజును ఆశ్రయించి ఉన్నది ఏనుగైనా సరే, దోమైనా సరే, దానితో విరోధం పెట్టుకోరాదు. ఎండా వానా, ఆకలీ నిద్రా లెక్కపెట్టకుండా చెప్పిన పని చెయ్యాలి. వ్యాసుని మూలంలో మరికొన్ని ఉన్నాయి: అడగందే సలహా చెప్పరాదు. పనిలో నియమించినప్పుడు సొమ్ము ముట్టరాదు. ఇంకొకరిని పిలిచినా తానే ముందుకు వచ్చి ఏమి చెయ్యమంటారని అడగాలి.

ఇవన్నీ ఒకే జాతి నీతులు కావని గమనించాలి. వీటిలో రెండు పోగులు కలిసి పేనుకున్నాయి. లంచం తీసుకోకు, లోపలి మాట బయట పెట్టకు, అప్పగించిన పని శ్రద్ధగా చెయ్యి — ఇది ఒక పోగు. ఇది పనికి సంబంధించిన నిజాయితీ. రాజుకు చేసినా, రైతుకు చేసినా, ప్రజాప్రభుత్వానికి చేసినా ఇది మారదు, మారకూడదు కూడా. ఆవులింత అణచుకో, ఆకలి మరచిపో, దోమకు కూడా భయపడు — ఇది రెండవ పోగు. దీనికి పనితో సంబంధం లేదు. ఆవులించినంత మాత్రాన ఏ పనీ చెడదు. దీనికి సంబంధం భయంతో. ఎవరి చేతిలో మన మెతుకు ఉన్నదో, వారి ముఖం ఎప్పుడు ఎట్లా మారుతుందో తెలియని భయం అది. మొదటి పోగును చూపి రెండవ పోగును కూడా నీతి పేరుతో మెడకు చుట్టటంలోనే నేటి హితబోధకుల నేర్పు అంతా ఉన్నది.

తిక్కనకు ఈ తేడా తెలియదా? తెలియకేమి! ఆయన నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలో మంత్రి. కొలువు లోపలి గాలి పీల్చినవాడు. తన నిర్వచనోత్తర రామాయణాన్ని మనుమసిద్ధికి అంకితమిచ్చి, భారతాన్ని మాత్రం హరిహరనాథునికి ఇచ్చినవాడు. ఆయన ధౌమ్యుడు రాజును పొగడలేదు. ఆజ్ఞ దాటితే కొడుకనీ మనుమడనీ తమ్ముడనీ మిత్రుడనీ రాజులు చూడరని చెప్పాడు. అది స్తోత్రం కాదు, హెచ్చరిక. ఏటి సుడిని గూర్చి పడవవాడు చెప్పే జాగ్రత్త వంటిది. అర్థశాస్త్రం కూడా ఈ చోట ఇదే ధోరణిలో, అగ్ని ఒంట్లో కొంత భాగాన్నో, మహా అయితే ఒక్క దేహాన్నో కాలుస్తుందనీ, రాజు ఆలుబిడ్డలతో సహా కాల్చగలడనీ చెబుతుంది. పట్టుబడితే మళ్లీ పన్నెండేళ్లు అడవికి పోవలసిన మనుషులకు, ఒక్క సంవత్సరం ప్రాణాలతో గడిచిపోవటానికి చెప్పిన ఉపాయాలు ఇవి. దాక్కున్నవాడికి చెప్పిన జాగ్రత్తను జీవితకాలపు ధర్మంగా మార్చి పాఠం చెప్పినది తిక్కన కాదు, మనం.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. విరాటపర్వం ధౌమ్యుని ఉపదేశంతో ఆగిపోలేదు. మన పాఠ్యభాగం అక్కడ ఆగిపోతుంది. కథ ముందుకు నడిచి, ఆ ఉపదేశాన్నే పరీక్షకు పెట్టింది.

సైరంధ్రి సంగతి చూడండి. సుదేష్ణ అంతఃపురంలో చేరేముందు ఆమె కొన్ని షరతులు చెప్పుకుంది. ఎంగిలి పెట్టకూడదు, కాళ్లు కడిగించుకోకూడదు, తనను కాపాడే గంధర్వులు అయిదుగురు భర్తలున్నారు గనుక తనపై ఎవరూ కన్ను వెయ్యకూడదు. సుదేష్ణ ఒప్పుకుంది. నేటి భాషలో చెప్పాలంటే అది నియామక పత్రం. నోటి మాటే అయినా ఇద్దరూ అంగీకరించిన ఒప్పందం. తరవాత సైరంధ్రి వైపునుంచి ఏ లోపమూ లేదు. ధౌమ్యుడు చెప్పినదంతా అక్షరాలా పాటించింది. అయినా ఏమి జరిగింది? యజమానురాలు తమ్ముని మాటకు లొంగి, మద్యం తెమ్మనే నెపంతో ఆమెను కీచకుని ఇంటికి పంపింది. వ్యాసుని మూలంలో ఆ సమయాన ద్రౌపది చేసిన వాదం ప్రతి ఉద్యోగీ చదవతగినది. ఆయన ఎట్లాంటివాడో మీకు తెలుసు, నేను మీ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు చేసుకున్న ఒప్పందమూ మీకు తెలుసు, మీకు ఇంకా ఎందరో పనివారున్నారు, వేరొకరిని పంపండి అని ఆమె అంటుంది. ఒక పనిమనిషి ఒప్పందాన్ని గుర్తుచేసి ‘ఈ పని నేను చెయ్యను’ అన్న ఘట్టం మన వాఙ్మయంలో ఇంత స్పష్టంగా ఉండగా, మనం తరగతిలో చెప్పేది ఆవులింతలను గూర్చి!

సుదేష్ణ వినలేదు. సైరంధ్రి వెళ్లింది. కీచకుడు పట్టుకోబోతే తప్పించుకుని నిండుసభకు పరుగెత్తింది. సభలో, రాజు చూస్తూ ఉండగా, వాడు ఆమెను తన్నాడు. ఆమె న్యాయం అడిగింది. మూలంలో విరటుడిచ్చిన సమాధానం ఎంత పరిచితమైనదో చూడండి. నా కంటికి కనపడనిచోట మీ ఇద్దరి మధ్య ఏమి తగాదా జరిగిందో నాకు తెలియదు, తెలియకుండా తీర్పు ఎట్లా చెప్పను అన్నాడు. కీచకుడు ఆయనకు బావమరది, సేనాపతి, రాజ్యానికి అండ. బలవంతుడైన ఉద్యోగి తప్పుచేసినప్పుడు, బలహీనురాలైన ఉద్యోగిని ఫిర్యాదు విని యజమాని పలికే ప్రథమ వాక్యం ఈనాటికీ ఇదే. ఇక అక్కడే కూర్చున్న కంకుభట్టు, ధౌమ్యుని నీతికి కట్టుబడి, భార్యనే సభలో అల్లరి చెయ్యవద్దని మందలించవలసి వచ్చింది.

కీచకుడు చచ్చిన తరవాత ఏమయింది? రాజుకు భయం పట్టుకుంది. సైరంధ్రిని కొలువు విడిచి వెళ్లిపొమ్మని సుదేష్ణ చేత చెప్పించాడు. దౌర్జన్యం చేసినవాడు ఉన్నంతకాలం వాణ్ణి పొమ్మనలేదు. దౌర్జన్యానికి గురి అయిన మనిషిని పొమ్మన్నారు. ఆమె పదమూడు రోజులు గడువు అడిగింది.

ఇక కంకుభట్టు. ఉత్తరుడు కౌరవులను గెలిచాడని వార్త వస్తే విరటుడు పొంగిపోతున్నాడు. బృహన్నల సారథ్యం ఉన్నచోట గెలుపుకు లోటేమిటని కంకుభట్టు ఉన్నమాట అన్నాడు. రాజుకు అది రుచించలేదు. చేతిలో పాచికలు ముఖాన విసిరికొట్టాడు, నెత్తురు కారింది. నీతి తప్పకుండా నడుచుకున్న సైరంధ్రికి తన్ను దక్కింది. ఒక్కసారి నీతి మరచి నిజం చెప్పిన కంకునికి దెబ్బ దక్కింది. అంటే ఉద్యోగి నడవడి ఎట్లా ఉన్నా యజమాని నడవడి చెడ్డదయితే ఆ సంబంధం ఆరోగ్యంగా ఉండదన్నమాట. విరాటపర్వం మొత్తం చదివినవాడికి మిగిలే పాఠం ఇదే. ప్రథమాశ్వాసం మాత్రమే చదివినవాడికి దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పాఠం మిగులుతుంది.

చివరకు విరటునికి నిజం తెలిసింది. కొలువులో ఉన్నవారు పాండవులని తెలియగానే పశ్చాత్తాపం పుట్టుకు వచ్చింది. రాజ్యమే మీదన్నాడు, కూతురిని అర్జునునికి ఇస్తానన్నాడు. ప్రేక్షకులు కూడా ఇక్కడ సంతోషపడతారు. 1963లో వచ్చిన ‘నర్తనశాల’ చిత్రం చూసి తెలుగుదేశమంతా సంతోషపడింది. నాకు మాత్రం ఇప్పుడు ఇక్కడొక ముల్లు గుచ్చుకుంటున్నది. వంటవాడుగా వలలుడు చేసిన వంటకు రాని గౌరవం భీముడనేసరికి వచ్చింది. ఆ వంటశాలలో వలలుని పక్కన నిజంగా వంటవాడే అయిన మనిషి ఒకడు ఉండి ఉంటాడు గదా! ఆ అంతఃపురంలో అయిదుగురు గంధర్వులు లేని దాసీలు ఉండి ఉంటారు గదా! వారికి సంవత్సరం పూర్తి అయ్యే రోజు రాదు. వేషం విప్పితే కింద మరో రాజు ఉండడు. వారికి గౌరవం చేసే పనిలోంచే రావాలి. ఆ గౌరవాన్ని గూర్చి కథ మౌనం వహించింది. అది ఆనాటి సమాజపు హద్దు. దాన్ని కవి నేరంగా చెప్పటం నా ఉద్దేశం కాదు. కాని విమర్శకుడు ఆ హద్దును చూపించకపోతే, అది ఈనాటి సమాజానికి కూడా హద్దుగా నిలిచిపోతుంది.

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. కొలిపించుకునేవాడి ధర్మం ఎక్కడ ఉన్నది? ఆ రాత్రి పుస్తకం తిరగవేస్తే నాకు సిగ్గు కలిగింది. అది అదే పాఠ్యపుస్తకంలో, ధౌమ్యుని పాఠానికి రెండు పాఠాల ముందు ఉన్నది! సభాపర్వంలో నారదుడు ధర్మరాజును చూడవచ్చి, నీ పరిపాలన ఎట్లా సాగుతున్నదని వేసిన ప్రశ్నల వరుస అది. నన్నయ దాన్ని తెలుగు చేశాడు. ఒకడు చేసిన మేలును గుర్తించి, ఉత్తముల సభలో ఆ చేసినవాణ్ణి మెచ్చుకుని, మరచిపోకుండా తగిన సత్కారం చేస్తున్నావా అని అందులో ఒక ప్రశ్న. సంస్కృత మూలానికి వెళ్లి చూస్తే ఇంకా ఆశ్చర్యం కలుగుతుంది. సైనికులకు తిండీ జీతమూ వేళకు ఇస్తున్నావా, వెనక్కి నెడుతున్నావా? జీతం ఆలస్యమయితే దరిద్రం వల్ల భృత్యులకు ఏలిక మీద కోపం వస్తుంది, అది పెద్ద అనర్థం సుమా! పని బాగా చేసినవాడికి ఎక్కువ మన్ననో, ఎక్కువ జీతమో దొరుకుతున్నదా? అనుభవమూ మేలుకోరే బుద్ధీ ఉన్నవారిని తప్పు కనపడకుండానే పనిలోంచి తీసివెయ్యటం లేదు గదా? నీకోసం ప్రాణం విడిచినవారి భార్యలను పోషిస్తున్నావా?

వేళకు జీతం, పనికి తగిన పెంపు, కారణం లేని తొలగింపు నుంచి రక్షణ, చనిపోయినవాడి కుటుంబానికి ఆధారం. వీటిలో ఏ కోరిక కొత్తది? వీటిని అడిగితే ‘ఇవన్నీ పరదేశపు సిద్ధాంతాలు’ అని ముఖం చిట్లించేవారు సభాపర్వం తెరిచి చూసుకోవచ్చు. అర్థశాస్త్రం ఇంకొక అడుగు ముందుకు వేసి, పనివాడికీ యజమానికీ జరిగిన ఒప్పందం ఇరుగుపొరుగువారికి తెలిసి ఉండాలన్నది. జీతం తీసుకుని పని చెయ్యనివాడికి జరిమానా విధించింది. జీతం ఇవ్వని యజమానికి కూడా విధించింది. రెండు వైపులా బాధ్యత, మధ్యన సాక్షి. ఆరోగ్యకరమైన సంబంధానికి ఇంతకంటె క్లుప్తమైన నిర్వచనం నాకు కనపడలేదు.

అయితే రెండు పాఠాలూ ఒకే పుస్తకంలో ఉండగా లోపం ఎక్కడ వచ్చింది? చెప్పే తీరులో వచ్చింది. ధౌమ్యుని పాఠం చెప్పేటప్పుడు ‘ఇది మీకే’ అని విద్యార్థుల వైపు వేలు చూపిస్తాం. నారదుని పాఠం చెప్పేటప్పుడు ‘ఇది పూర్వపు రాజుల సంగతి’ అని గోడ మీది పటం వైపు చూపిస్తాం. సేవకుడి ధర్మం నిత్యమట! ప్రభువు ధర్మం గతించిన చరిత్రట! రాజులు పోయారు గాని కొలిపించుకునేవారు పోలేదు. కంపెనీలుగా, కాంట్రాక్టర్లుగా, విద్యాసంస్థల యాజమాన్యాలుగా, ఒక్కోచోట ప్రభుత్వంగా కూడా మన ఎదుట ఉన్నారు. నారదుని ప్రశ్నలు వారికి ఎవరు వినిపిస్తున్నారు?

ప్రాచీన కావ్యానికి ఈనాటి కొలబద్ద పెట్టటం న్యాయమా అని నా సహోద్యోగి ఒకరు అడిగారు. నేను పెట్టలేదు. ‘నేటికీ అనుసరణీయం’ అన్నప్పుడే పెట్టాము. ఒక సగానికి పెట్టిన కొలబద్దను రెండో సగానికి కూడా పెట్టమంటున్నాను, అంతే.

ఇక్కడ నా స్వంత సంగతి ఒకటి చెప్పటం అవసరం. ఎం.ఏ. పూర్తి చేసిన కొత్తలో నేను ఒక ప్రైవేటు కళాశాలలో చేరాను. పేరు అనవసరం, అట్లాంటివి ఎన్నో ఉన్నాయి. చేరిన రోజే నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ‘భద్రంగా ఉంటాయి’ అని తీసుకుని బీరువాలో పెట్టారు. నేను సంతోషంగా ఇచ్చాను. అందరూ ఇచ్చారు మరి. జీతం ఒక నెల ఆలస్యమయింది. తరవాత రెండు నెలలు. ఇంతలో మరోచోట ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. సర్టిఫికెట్లు అడిగితే, విద్యాసంవత్సరం మధ్యలో కుదరదన్నారు. మా శాఖలో పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, “నాయనా, పెద్దవాళ్లతో విరోధం దేనికి? ఓర్చుకో, నీకే మంచిది” అన్నారు. ఆయన మంచివారే. ఇరవై ఏళ్లుగా తాను ఓర్చుకున్నదాన్నే నాకు సలహాగా ఇచ్చారు. ఇంటర్వ్యూ దాటిపోయింది. ఏడాది చివర, రావలసిన రెండు నెలల జీతం వదులుకున్నానని కాగితం వ్రాసి ఇస్తే గాని నా సర్టిఫికెట్లు నా చేతికి రాలేదు. ఆ ఏడాదంతా నేను తరగతిలో చెప్పిన నీతి వేరు, బీరువాలో తాళం పడి ఉన్న నీతి వేరు.

అప్పుడు నాకు సుమతీ శతకం జ్ఞాపకం వచ్చింది. అడిగిన జీతం ఇవ్వని దొరను కొలవటం కంటె ఎడ్లు కట్టుకుని పొలం దున్నుకు బతకటం మేలని అందులో ఒక పద్యం ఉన్నది. ధౌమ్యుని కంటె ఇది ధైర్యమైన సలహా. కొలువు విడిచిపెట్టే హక్కును ఒప్పుకున్నది. కాని ఎడ్లూ పొలమూ ఉన్నవాడికే అది పనికివచ్చే సలహా. నాకు పొలం లేదు. మన దేశంలో జీతం మీద బతికే వారిలో ఎందరికి ఉన్నది? 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ వెలువడినప్పుడు ఈ లేమి మన నవలలోకి వచ్చింది. సంగదాసు పాలేరు. నీతిపరుడు, పనిమంతుడు, యజమాని కొడుక్కి ప్రాణమిత్రుడు. కూలి తగాదాలో కూలీల పక్షాన నిలిచిన పాపానికి చౌదరయ్య కొట్టిన దెబ్బతో ప్రాణం కోల్పోయాడు. మంచి నడవడి అతన్ని కాపాడలేదు. యజమాని ఇంటి స్నేహం కూడా కాపాడలేదు. ప్రభుత్వం ఆ నవలను నిషేధించింది. పనివాడి నీతిని బోధించే పుస్తకాన్ని ఏ ప్రభుత్వమూ నిషేధించదని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

సంగదాసుకూ మనకూ మధ్య నూరేళ్లు గడిచాయి. ఈ నూరేళ్లలో పనివారు పోరాడి కొన్ని ప్రశ్నలను చట్టాలుగా మార్చారు. సైరంధ్రి సభలో అడిగిన న్యాయం కోసం 1997లో విశాఖ తీర్పు, 2013లో చట్టం వచ్చాయి. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. ‘నా కంటికి కనపడలేదు’ అని విరటుని వలె తప్పించుకోవటానికి వీలులేదు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన నాలుగు కార్మిక స్మృతులలో కూడా నారదుని ప్రశ్నలు కొన్ని కనపడతాయి. నియామక పత్రం ఇవ్వాలి. నెల జీతం మరుసటి నెల ఏడవ తేదీ లోపల ఇవ్వాలి. ఉద్యోగం విడిచినా, తీసివేసినా రెండు పనిదినాల్లో బాకీ తీర్చాలి. కాని ఆ స్మృతులలోనే మరొక చెయ్యి కూడా పనిచేసింది. మూడువందల మంది లోపు ఉన్న కర్మాగారం మనుషులను తొలగించటానికి ఇక ప్రభుత్వ అనుమతి అక్కరలేదు. పూర్వం ఆ హద్దు వందమంది. సమ్మె చెయ్యాలంటే ఏ పరిశ్రమలోనైనా పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇచ్చి తీరాలి. కేంద్ర కార్మిక సంఘాలు వీటిని వ్యతిరేకిస్తున్నది అందుకే. జీతం ఇచ్చే తేదీ వ్రాశారు; ఆ తేదీ తప్పితే నలుగురూ కలిసి అడిగే దారి ఇరుకు చేశారు. ఇక మా ఉపాధ్యాయుల మాట. పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం మేము ‘వర్క్‌మన్’ నిర్వచనం కిందికి రామని సుప్రీంకోర్టు 1988లోనే తీర్పు చెప్పింది. గురువులం కాబోలు, కొలిచేవారం కాదు కాబోలు!

ఇంతకూ విద్యార్థులకు మనం ఏమి చెప్పాలి? ఓర్పు వద్దనీ, వినయం వద్దనీ నేను చెప్పను. పని నేర్చుకోండి, వేళకు వెళ్లండి, అప్పగించిన సొమ్మును ముట్టకండి, తోటివారి శ్రమను మీదని చెప్పుకోకండి. ధౌమ్యుని మొదటి పోగు అంతా తలమీద పెట్టుకోండి. దానితోపాటు ఈ సగం కూడా చెప్పాలి. చేరేముందు జీతమెంతో, ఏ తేదీకో, పనివేళ ఏదో అడగండి. అడగటం అమర్యాద కాదు. నియామక పత్రం తీసుకోండి. సర్టిఫికెట్లు చూపించండి, నకళ్లు ఇవ్వండి, అసలువి ఇంటికి తెచ్చుకోండి. ఆ చోటు విడిచి వెళ్లినవారు ఎందుకు వెళ్లారో కనుక్కోండి. మంచి ఏలికను ఎంచి ఆశ్రయించమని అర్థశాస్త్రమే చెప్పింది. చెయ్యరాని పని చెయ్యమంటే సైరంధ్రి వలె ఒప్పందం గుర్తు చెయ్యండి. ఒంటరిగా అడిగితే బెదిరిస్తారు గనుక నలుగురితో కలిసి అడగండి. అయిదుగురు గంధర్వులు లేని సైరంధ్రికి సంఘమే దిక్కు. విడిచిపెట్టవలసి వస్తే గడువు ప్రకారం చెప్పి, బాకీ తీర్చుకుని, తల ఎత్తుకుని రండి.

యజమానులలో మంచివారు లేరని నా అభిప్రాయం కాదు. ఉన్నారు. కాని ఒకరి మంచితనం మీద ఆధారపడి ఉన్న సంబంధం ఆయన ముఖం చిట్లించిన రోజున చెడిపోతుంది. విరటుడు కూడా చెడ్డవాడు కాడు. బావమరిది దగ్గర పిరికివాడు, అంతే. ఆ పిరికితనం ఖరీదు సైరంధ్రి చెల్లించింది. కనుక ఆరోగ్యకరమైన సంబంధం అనే మాటకు అర్థం, యజమాని మంచివాడు కావటం కాదు. చెడ్డవాడైనా ఉద్యోగి చెడిపోకుండా ఉండగలగటం.

మరునాడు తరగతిలో నేను రెండు పాఠాలూ పక్కపక్కన పెట్టి మళ్లీ చెప్పాను. ఆ అమ్మాయి శ్రద్ధగా విని, చివర మళ్లీ లేచింది. “సార్, నారదుడంటే దేవర్షి. రాజును ఏదైనా అడగ్గలడు. మనకోసం నారదుడు రాడు గదా?” అన్నది.

రాడు. నారదుని ప్రశ్నలలో ఉన్న లోపం కూడా అదే. అవి భృత్యుడు అడిగినవి కావు. భృత్యుడికోసం పైవాడొకడు అడిగినవి. అందులో చూపిన కారణం కూడా భృత్యుడి హక్కు కాదు, రాజుకు రాబోయే అనర్థం. ఆ ప్రశ్నలను పైవాడి నోటినుంచి పనివాడి నోటికి తీసుకురావటమే ఈ కాలపు పని. ‘మాలపల్లి’ ఆ పని మొదలుపెట్టింది. నేటి రచయితలు కర్మాగారాల నుంచి, కాంట్రాక్టు కొలువుల నుంచి, మా వంటి కళాశాలల స్టాఫ్‌రూముల నుంచి దాన్ని కొనసాగించాలి. ఉపాధ్యాయులుగా మేము చెయ్యగలిగినది చిన్నది. పాఠం చివర చెప్పే ఆ ఒక్క వాక్యం మార్చటం. నేను మార్చాను. ‘ఇది నేటి ఉద్యోగులకు అనుసరణీయం’ అనటం మానేసి, ‘ఇప్పుడు రెండు పాఠాల వెనక్కి వెళ్లి, యజమాని ధర్మం ఏమిటో చదవండి’ అంటున్నాను.